కిరాయి రూమ్, నోటిమాట (4వ భాగం)



మొన్న రాత్రి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, నలుగురం కలిసి ఫ్లాట్ల ఉంటున్నం. కాగితం ఏం లేదు. ఓనర్ రేపటిదాకా ఖాళీ చెయ్యమంటున్నడు. మాకు హక్కు లేనట్టేనా?"

జవాబు చెప్పే ముందు కొంచెం చరిత్రలోకి పోవాలి.

మాది బొంరాస్‌పేట. మా కొడంగల్ తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలో, తర్వాత మహబూబ్‌నగర్‌లో ఉంది. 2016 నుంచి మా మండలం వికారాబాద్ జిల్లాలో ఉంది. జిల్లాలు మారినా మా తాత బతుకు మాత్రం నోటిమాట మీదే నడిచింది. ఆయన ఏళ్ల తరబడి ఒక పటేల్ భూమి కౌలుకు చేసిండు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. దున్నేవాణ్ని రక్షిత కౌలుదారుగా రాయాలన్నది. రిజిస్టర్‌లో మా తాత పేరు ఎక్కలేదు. చేతిలో కాగితం లేదు. సాక్ష్యం చెప్పాల్సినోళ్లంతా అదే పటేల్ దగ్గర పనిచేసేవాళ్లు. నోటిమాట ఇద్దరిదీ, కలం మాత్రం ఒక్కరిదే.

నేను డిగ్రీకి హైదరాబాద్ వచ్చినప్పుడు ముగ్గురం రూమ్ వెతికినం. ప్రతి గేటు దగ్గరా అదే ప్రశ్న: "మీరేమోళ్లు బిడ్డా?" ఆఖరికి మాలో బీసీ దోస్తు ఒక్కడే పోయి మాట్లాడిండు. రూమ్ దొరికింది. మేమిద్దరం సంచులు పట్టుకుని రాత్రిపూట చేరినం. కిరాయి వాడి చేతుల మీదుగానే పోయేది. నాలుగో నెలలో గోడమీద బాబాసాహెబ్ ఫొటో ఓనరమ్మ కంట పడింది. ఆమె కులం అడగలేదు. "మా చుట్టాలొస్తున్నరు, ఆదివారం లోపల ఖాళీ చెయ్యాలె" అన్నది. అడ్వాన్స్ తిరిగి రాలేదు. అడగడానికి నా పేరు ఎక్కడుంది కనుక?

అప్పుడు నాకు 1917 బరోడా గుర్తొచ్చింది. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చిన అంబేడ్కర్‌కు సంస్థానంలో కొలువుంది, ఉండటానికి చోటు లేదు. పార్సీ సత్రంలో రోజుకు రూపాయిన్నరకు, రిజిస్టర్‌లో పార్సీ పేరు రాసి ఉండేలా చూసుకునే మనిషితో మాట కుదిరింది. పదకొండో రోజు పొద్దున పార్సీలు కర్రలతో వచ్చి నిలబడ్డారు. వారం గడువు అడిగితే ఇవ్వలేదు, సాయంత్రానికల్లా పొమ్మన్నారు. స్నేహితులెవరూ ఇంట్లో చోటివ్వలేదు. కామాఠీ బాగ్ తోటలో కూర్చుని, రాత్రి బొంబాయి రైలెక్కారు. ఇదంతా ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. కుదుర్చుకున్న మాట ఆయనను కాపాడలేదు. అది దాచిన పేరు మీద నిలబడ్డ మాట.

ఇక తమ్ముడి ప్రశ్నకు వద్దాం. కాగితం లేకుంటే హక్కు లేదన్నది అబద్ధం. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107 ప్రకారం ఏడాదికి మించిన కిరాయి, ఏటేటా సాగే కిరాయి రిజిస్టర్ కావాలి. మిగతావాటికి నోటి ఒప్పందం చేసి ఇల్లు అప్పజెప్తే చాలు. పదకొండు నెలల అగ్రిమెంట్ల వెనక సంగతి ఇదే. సెక్షన్ 106 ప్రకారం నెలనెలా సాగే కిరాయికి 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. చట్టబద్ధంగా కాకుండా సామాను బయట పడేస్తే, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు సివిల్ కోర్టుకు పోవచ్చు.

అయితే ఓనర్ మాట్లాడింది ఒక్కడితోనే అయితే, మిగతా ముగ్గురూ కిరాయిదారులమని నిరూపించుకోవడం కష్టం. ఇలా కలిసుండే రూముల్లో ముందు బయటపడేది సాధారణంగా పేరు లేనివాడే. మన ఇళ్లలో ఆ పేరు లేనివాడు ఎవడో మీకు తెలుసు.

అందుకే మీ వంతు కిరాయి మీ ఫోన్ నుంచే ఓనర్‌కు పంపండి. చేరిన రోజే నలుగురి పేర్లు, కిరాయి, అడ్వాన్స్ ఎంతో రాసి ఓనర్‌కు మెసేజ్ పెట్టండి. "సరే" అన్న ఒక్క ముక్క జవాబు వచ్చినా దాచుకోండి. రేపు అదే మీ సాక్ష్యం.

పేరు చెప్తే రూమ్ దొరకదు, చెప్పకపోతే హక్కు మిగలదు. ఈ ఇరకాటానికి నా దగ్గర తేలిక మందు లేదు. కానీ మా తాత పేరు ఎక్కని రిజిస్టర్ గుర్తున్నంత కాలం నేను పేరు రాయమనే అంటాను.

వచ్చే భాగంలో హాస్టళ్ల గురించి.

జై భీమ్.