సముద్రపు ఒడ్డున వారం రోజులు: ఇల్లాలికి సెలవెప్పుడు?



పిల్లలకు బడి మూశారంటే ఎక్కడికైనా తీసుకెళ్ళమని గొడవ మొదలవుతుంది గదా! మనకైతే అమ్మమ్మగారి ఊరు, లేదంటే తిరుపతి కొండ. ఇంగ్లండులో మాత్రం సామాన్య కుటుంబాలవారు పిల్లాపాపలతో సముద్రపు ఒడ్డుకు చేరి, గుడారంలోనో, క్యారవాన్ అనే చక్రాల ఇంట్లోనో వారం రోజులు గడిపి వస్తారు. ఈ అలవాటు ఎలా వచ్చింది, దానివల్ల ఇల్లాలికి ఒరిగిందేమిటి అన్నది ఈ పూట ముచ్చటించుకుందాం.

గుడారాలు రాకముందు సంగతి కాస్త చెప్పాలి. లాంకషైరు ప్రాంతంలో నూలు మిల్లుల ఊళ్ళు చాలా ఉండేవి. ఏడాదికి ఒక వారం ఊళ్ళో మిల్లులన్నీ కట్టేసేవారు. ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ వంటి సముద్రతీరాలకు పోయేది. ఆ వారానికి జీతం ఉండేది కాదు. అందుకని మనం చీటీలు కట్టుకున్నట్లే, వాళ్ళూ ఏడాది పొడుగునా సంఘాలలో వారం వారం కొంత దాచుకునేవారు. అక్కడ గది అద్దెకిచ్చే ఇంటావిడ వంట చేసిపెట్టేది గాని, చాలా చోట్ల సరుకులు మాత్రం బస చేసినవాళ్ళే తెచ్చివ్వాలి. అంటే సెలవుకొచ్చిన తల్లి పొద్దున్నే లేచి బజారుకు పోవాలన్నమాట! బల్లమీది ఉప్పూ మిరియాలూ వాడుకున్నందుకు కూడా బిల్లులో విడిగా వేసేవారట. వానొచ్చినా సరే, పగలంతా గది ఖాళీ చేసి బయటే తిరగాలనే ఇళ్ళు కూడా ఉండేవి.

ఇక చక్రాల ఇల్లు. మన పల్లెల్లో తిరునాళ్ళకు గూడుబండి కట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యిమీద అన్నం వండుకోవడం మనకు కొత్త కాదు. ఇంగ్లండులో దాన్ని సరదా ప్రయాణంగా మొదలుపెట్టిన వాళ్ళలో గోర్డన్ స్టేబుల్స్ అనే ఆయన పేరు ముందు చెబుతారు. ఆయన నౌకాదళంలో వైద్యుడుగా చేసి విశ్రాంతి తీసుకున్నాడు. 1885లో ‘వాండరర్’ అని ఒక బండి చేయించుకుని, రెండు గుర్రాలు కట్టి స్కాట్లండు దాకా వెళ్ళాడు. బండి తోలడానికి ఒకడు, పనిపాటలకు ఇంకొకడు. ఆ రెండోవాడు మూడుచక్రాల సైకిలు మీద ముందు పోతూ, ఎదురొచ్చే బళ్ళను హెచ్చరించేవాడు. ఇంత పరివారం ఉంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది, కాదంటారా? 1907లో క్యారవాన్ క్లబ్బు పెట్టినా, చాలాకాలం అది డబ్బున్నవాళ్ళ వేడుకగానే ఉండిపోయింది.

సామాన్యుల కోసం ఆలోచించినవాడు జాన్ ఫ్లెచర్ డాడ్. కిరాణా వ్యాపారం చేసినవాడు, సోషలిస్టు. 1906లో నార్ఫోక్ తీరాన కెయిస్టర్ అనే ఊళ్ళో గుడారాలు వేయించి కార్మికులను ఆహ్వానించాడు. తాగకూడదు, జూదమాడకూడదు, రాత్రి పదకొండు దాటితే పెద్దగా మాట్లాడకూడదు అని కట్టుబాట్లు పెట్టాడు. మనకు నచ్చే నియమం మరొకటుంది. శిబిరం పనుల్లో అందరూ తలో చెయ్యీ వేయాలి. ఆ రోజుల్లో అది చిన్న విషయమేమీ కాదు. గుడారాల తరువాత గుడిసెలు, గుడిసెల తరువాత గదులు వచ్చాయి. ఆ కెయిస్టర్‌లో ఈనాటికీ కుటుంబాలు దిగే క్యారవాన్ పార్కు ఉంది.

1933లో ఒక రైల్వే కంపెనీ పాతబడిన పెట్టెలు పదింటిని పక్క పట్టాలమీద నిలిపి, పడకలూ పొయ్యీ అమర్చి సెలవులకు అద్దెకిచ్చింది. జనం ఎగబడ్డారు. తక్కిన రైల్వే కంపెనీలూ అదే దారి పట్టాయి.

1936లో బిల్లీ బట్లిన్ అనే జాతర ఆటల వ్యాపారి స్కెగ్‌నెస్ తీరాన పెద్ద శిబిరం తెరిచాడు. వారానికి ఇంతని కడితే గది, మూడుపూటలా తిండి, వినోదం అన్నీ అందులోనే. తల్లి పొయ్యి ముట్టుకోనక్కరలేదు. ఇలాంటి శిబిరాల్లో పిల్లల్ని చూసేందుకు మనుషులుండేవారు. రాత్రిపూట తల్లిదండ్రులు నాటకానికి వెళితే, గదుల మధ్య తిరుగుతూ ఏ పసివాడైనా ఏడుస్తున్నాడేమో వినేవారు. 1938లో జీతంతో కూడిన సెలవులకు చట్టం వచ్చింది. మరుసటేడే యుద్ధం! తీరమంతా ముళ్ళకంచెలూ, మందుపాతరలూ. స్కెగ్‌నెస్ శిబిరం నౌకాదళం చేతికి పోయింది.

యుద్ధం తరువాత జనం చేతిలో కార్లు పెరిగాయి. కారు వెనక క్యారవాన్ తగిలించుకుని కొందరు, ఒడ్డున నిలిపి ఉంచినవాటిని అద్దెకు తీసుకుని కొందరు వచ్చేవారు. హోటలుకంటే చవక. ఎప్పుడు తినాలో, ఎప్పుడు బయటికి పోవాలో చెప్పే ఇంటావిడ లేదు. అయితే చూశారూ, గరిట మళ్ళీ అమ్మ చేతికే వచ్చింది! సిలిండరు పొయ్యిమీద వంట, అందరికీ ఒక్కటే కుళాయి, అక్కణ్ణించి నీళ్ళు మోసుకురావడం, ఇసుక కాళ్ళతో లోపలికొచ్చే పిల్లలు. ఊరు మారింది గాని పని మారలేదు.

సముద్రం పక్కన తేలికపాటి ఇంట్లో ఉండటంలో అపాయమూ ఉంది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి తూర్పుతీరం కట్టలు తెగాయి. ఇంగ్లండులో 307 మంది చనిపోయారు. లండను కార్మికుల వేసవి విడిదిగా వెలసిన జేవిక్‌లో చలికాలంలో కూడా మనుషులుండేవారు. ఆ చెక్క ఇళ్ళలో ముప్పై మందికి పైగా పోయారు. వేసవికోసం కట్టిన గూడు ఏడాదంతా ఆసరా కాలేదని ఆ రాత్రి చెప్పింది.

యుద్ధానంతరం ఇళ్ళ కరువువల్ల క్యారవాన్‌లలోనే కాపురాలు పెట్టినవాళ్ళూ ఎక్కువయ్యారు. చివరకు 1960లో చట్టం చేశారు. పార్కు పెట్టాలంటే స్థానిక సంస్థనుంచి లైసెన్సు తీసుకోవాలి. నీళ్ళు, మరుగుదొడ్లు, నిప్పు అంటుకుంటే ఆర్పే సాధనాలు, బండికీ బండికీ మధ్య ఎడం లాంటి షరతులు పెట్టే అధికారం వచ్చింది. వేసవిలో అక్కడ పిల్లలు నిశ్చింతగా ఆడుకుంటున్నారంటే, దాని వెనక ఇంత కథ ఉంది.

ఈ చరిత్రలో నాకు తోచిందొక్కటే. చోటు మార్చినంత మాత్రాన ఆడదానికి విశ్రాంతి దొరకదు. కెయిస్టర్‌లో పని పంచుకున్నారు, స్కెగ్‌నెస్‌లో డబ్బిచ్చి చేయించుకున్నారు. ఈ రెండూ లేని చోట ఆమె సముద్రాన్ని కిటికీలోంచి చూస్తూ గిన్నెలు తోముకుంది. మనం పక్క ఊరి తోటకు వనభోజనానికి వెళ్ళినా సరే, బయలుదేరేముందే ఎవరి పనేమిటో ఇంట్లో పంచేయండి. మగపిల్లలకు కూరలు తరగడం, వారి నాన్నగారికి నీళ్ళు తేవడం. గిన్నెల సంగతి మాత్రం భోజనానికి ముందే తేల్చుకోండి. తిన్న తరువాత అడిగితే ఎవరూ పలకరు!

ఇక సెలవు.