తుగ్యానీ తర్వాత ఇల్లు: జిమ్మేదారీ ఎవరిది?



1908 నాటి మూసీ సైలాబ్‌ను హైదరాబాద్ బుజుర్గులు ‘తుగ్యానీ’ అనేవారు. ఆ ఏడాది సెప్టెంబర్ 28న నది ఊరిమీద పడింది. అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల మొహల్లాలు తుడిచిపెట్టుకుపోయాయి. మిగతా వంతెనలు కొట్టుకుపోగా పురానాపూల్ నిలబడింది. చనిపోయినవారు పదిహేను వేలని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. షాయర్ అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురునూ ఆ నీళ్లలోనే పోగొట్టుకున్నారు. ఆ గమ్‌లోంచి పుట్టిన ఆయన నజ్మ్ పేరు ‘ఖియామతె సుగ్రా’, అంటే చిన్న ప్రళయం.

ఇంతవరకూ మన ఇళ్లలో చెప్పుకునేదే. ఆ తర్వాత ఏం జరిగిందో మాత్రం తక్కువగా చెప్పుకుంటాం.

నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బేఘర్ అయినవారి కోసం మహల్ దర్వాజాలు తెరిపించారు. అది ఖైరాత్. అసలు పని దాని తర్వాత మొదలైంది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఆ నీళ్లు కూడా వరదలో కలిశాయని ఆయన లెక్క తేల్చారు. నీటిని ఊరికి పైనే ఆపాలన్నారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో ‘ఆరాయిషె బల్దా’, అంటే నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. నది ఒడ్డున తోటలు, హైకోర్టు, ఆస్పత్రి వచ్చాయి. గరీబులకు, చిన్న ఆమ్దనీ ఉన్నవారికి నాంపల్లి, మల్లేపల్లి వంటి చోట్ల ఇళ్లు కట్టించారు.

అది బాద్షాహీ జమానా. ఎవరిని ఎక్కడికి పంపాలో రిఆయాను అడిగి చేయలేదు. అయినా ఒక ఉసూల్ కనిపిస్తుంది: నీటి ఖతరాను ఒక్కో కుటుంబం తలమీద వదిలేయకుండా, ఖజానా తన మీద వేసుకుంది.

మన ఫిఖ్‌హ్‌లో ఒక మాట ఉంది. ఫాయిదా ఎవరు తీసుకుంటారో నుక్సాన్ కూడా వారే మోయాలి. ఈ తరాజూలో ఇవాళ్టి సంగతి తూచి చూడండి.

రెవెన్యూ రికార్డుల్లో చెరువు అడుగు నేలను ‘శికం’ అంటారు. శికం అంటే కడుపు. ఆ కడుపులోనే ప్లాట్లు చేశారు. అమ్మినవాడికి పైసా, రిజిస్ట్రీకి స్టాంపు రుసుము, బల్దియాకు ఇంటిపన్ను దక్కాయి. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి చెమటోడ్చి పంపిన రియాళ్లు అలాంటి గోడల్లోకి వెళ్లాయి. 2020 అక్టోబర్‌లో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగాయి. అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబానగర్ మునిగాయి. హుకూమత్ కుటుంబానికి పదివేల రూపాయల ఇమ్దాద్ ప్రకటించింది. పరుపులు, బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు, కూతురి జహేజ్ సామాను పోయిన ఇంటికి అది ఎన్నాళ్లొస్తుంది? మళ్లీ కట్టుకోవడం, మళ్లీ మునగడం, రెండూ ఇంటివాళ్ల ఖాతాలోకే పోయాయి.

2024లో మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. నది ఒడ్డు ఖాళీ చేయాలన్నారు. ఒడ్డున ఇల్లు ఖతరా అన్నది సహీ మాటే. మరోపక్క ఆ రెండు సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసిన 111 జీవోను 2022లో సడలించారు. నీటి దారి విషయంలో గరీబుకు ఒక కానూన్, పెద్ద ఇమారతులకు ఇంకొకటి ఉంటే దాన్ని ఇన్సాఫ్ అనగలమా?

కనుక నా రాయ్ ఇది. ఖతరా ఉన్నచోట మళ్లీ కట్టుకోమనడం రహమ్ కాదు. ఖాళీ చేయించేటప్పుడు ప్లాటు అమ్మినవాడు, అనుమతి ఇచ్చిన దఫ్తర్, పన్ను తీసుకున్న బల్దియా ముందు తమ హిస్సా చెల్లించాలి. కొత్త ఇల్లు రోజీకి, మదర్సాకు, మస్జిద్‌కు దగ్గరలో ఉండాలి. తాళంచెవి చేతికొచ్చాకే పాత గోడ పడాలి.

మనమూ ఒక పని చేయాలి. బయానా ఇచ్చేముందు పాత నక్షా తీసి, ఆ నేల శికమో కాదో చూడాలి. అల్లా మీద తవక్కుల్ ఉన్నవారు కూడా అడగవలసిన సవాల్ అది.