సెల్ఫ్ పట్టని బండి: గుంటూరు, ప్రకాశం మైదానంలో స్టార్టింగ్ లోపాలు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిర్చి మోసే పికప్పులు, చిన్న ట్రాలీలు, ట్రాక్టర్లు తాళం తిప్పినా కదలకపోవడానికి కారణమయ్యే విద్యుత్ లోపాలను స్టార్టింగ్ లోపాలు అంటారు. ఇంజిన్ అసలు తిరగకపోయినా, తిరిగి అందుకోకపోయినా డ్రైవర్లు ‘సెల్ఫ్ పట్టడం లేదు’ అనే అంటారు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మొదట ఏది జరుగుతోందో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

2005లో టాటా ఏస్ రంగంలోకి వచ్చాక ఎడ్లబండి, ట్రాక్టరు చేసిన పని చాలావరకు చిన్న డీజిల్ బండ్ల మీద పడింది. మిర్చి కోతల కాలంలో గుంటూరు యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన బండి వరసలో గంటల తరబడి నిలబడాలి. ముందు బండి నాలుగడుగులు జరిగినప్పుడల్లా సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్ ఆపినా క్యాబిన్‌లో ఫ్యాను, పాటలు ఆగవు. ఖర్చయిన చార్జిని డైనమో తిరిగి నింపేలోపే తాళం తీసేస్తారు. బ్యాటరీ నీరసించడానికి ఈ వాడకమే పెద్ద కారణం. ఎండ దానికి తోడవుతుంది. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీలోని రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, నీరు ఆవిరవుతుంది, పలకలు త్వరగా అరిగిపోతాయి.

డ్రైవర్లు సెల్ఫ్ అనేది విద్యుత్ స్టార్టర్‌నే. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఆ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లతో వాడుకలోకి వచ్చింది. నేటి బండిలోనూ మూలసూత్రం అదే. తాళం తిప్పితే సన్నటి వైరు గుండా కొద్దిపాటి కరెంటు సోలినాయిడ్‌కు చేరుతుంది. అది పినియన్‌ను ఫ్లైవీల్ పళ్లలోకి నెడుతూనే లోపలి రాగి కాంటాక్టులను కలుపుతుంది. అప్పుడు లావు కేబుల్ గుండా వందల ఆంపియర్ల కరెంటు మోటారులోకి పారుతుంది.

ఎక్కువమంది పొరబడేది ఈ లావు దారి విషయంలోనే. 200 ఆంపియర్లు పారే చోట ఓమ్‌లో నూరో వంతు నిరోధం చేరినా 2 వోల్టులు అక్కడే పోతాయి. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి సుద్దకు, కాస్త వదులైన నట్టుకు అంత నిరోధం తేలిగ్గా వస్తుంది. అదే కీలు (కేబుల్ అతుకు) గుండా హెడ్‌లైటు మాత్రం చక్కగా వెలుగుతుంది, దానికి కావలసింది కొద్ది ఆంపియర్లే కాబట్టి. లైటు వెలుగుతోంది కనుక మోటారే పోయిందని తీర్మానించి దాన్ని రివైండింగ్‌కు పంపడం, లేదా పరీక్షించకుండానే కొత్త బ్యాటరీ కొనడం రైతు జేబుకు అనవసరమైన చిల్లు. ముందు కీళ్లు చూడాలి.

చూడటానికి ఒక మామూలు మీటరు చాలు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ అయినట్టు. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ రెండు సీసపు పోస్టుల మధ్య వోల్టేజి 9.6 కంటే దిగిపోతే బ్యాటరీని అనుమానించాలి, లేదా మోటారు అతిగా లాగుతోందేమో చూడాలి. తర్వాత మీటరు ఒక కొసను నెగెటివ్ పోస్టుకు, రెండో కొసను ఇంజిన్ మీద రంగు పూయని లోహానికి ఆనించి మళ్లీ సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటితే ఎర్త్ దారి చెడింది. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కనుక ఛాసిస్‌కు, దానికి మధ్య ఉండే ఎర్త్ పట్టీ తెగితే కరెంటు వేరే దారులు వెతుక్కుంటుంది. క్లచ్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో వేడెక్కిందంటే ముందు ఆ పట్టీనే చూడాలి.

శబ్దమూ చాలా చెబుతుంది. వరసగా ‘టకటక’ వస్తే సోలినాయిడ్ పట్టుకుని, వోల్టేజి పడిపోగానే వదిలేస్తోంది. అంటే బ్యాటరీ డౌన్ అయింది, లేదా కీలు వదులైంది. ఒక్క గట్టి ‘టక్’ తర్వాత నిశ్శబ్దమైతే కాంటాక్టులు కాలడమో, కార్బన్ బ్రష్‌లు అరగడమో కావచ్చు. మోటారు రివ్వున తిరిగి ఇంజిన్ కదలకపోతే పినియన్ పట్టడం లేదు. ఏ శబ్దమూ లేకుంటే ఫ్యూజు, రిలే, తాళం స్విచ్చు చూడాలి. ట్రాక్టరులో క్లచ్ స్విచ్చు, న్యూట్రల్ స్విచ్చు కూడా చూడాలి.

ఇంజిన్ బాగా తిరిగినా అందుకోకపోతే సెల్ఫ్ మోటారుకు దోషం లేదు. పాత తరహా పంపు ఉన్న బండిలో డీజిల్‌ను ఆపే స్టాప్ సోలినాయిడ్‌కు కరెంటు రాకపోవచ్చు. కామన్ రైల్ ఇంజిన్లలో క్రాంక్ సెన్సరు, ఇమ్మొబిలైజరు ముఖ్యం. చలికాలపు తెల్లవారుజామున హీటర్ ప్లగ్గులను అనుమానించవచ్చు గానీ, మే నెల మధ్యాహ్నం వాటి జోలికి పోవడం దండగ.

ఒక అలవాటును గట్టిగా మాన్పించాలి. సెల్ఫ్ మోటారు టెర్మినళ్ల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి స్టార్ట్ చేస్తే న్యూట్రల్ స్విచ్చు రక్షణ పనిచేయదు. గేరులో ఉన్న ట్రాక్టరు కదిలి, చక్రం ముందు నిలబడిన మనిషి మీదకే ఎక్కుతుంది. ప్రాణాలు పోయేది ఇలాగే. చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దాని దగ్గర బీడీ వెలిగించకూడదు. కేబుళ్లు విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్.

పొలం దారుల ధూళి, మిర్చి పొడి, పత్తి నూగు బ్యాటరీ మూత మీద చేరి ఆమ్లపు తడితో కలిస్తే చార్జి నెమ్మదిగా కారిపోతుంది. తినేసోడా కలిపిన నీళ్లతో తుడిచి (మూతల లోపలికి చుక్క పోకూడదు), టెర్మినళ్లను గీకి బిగించి, పైన వాజిలైన్ రాస్తారు. లోపల పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, బోరు నీరు కాదు. సీజను ముగిసి బండి నెలల తరబడి పాకలో ఉంటే నెగెటివ్ కేబుల్ తీసి ఉంచి, నెలకోసారి చార్జింగ్ పెట్టాలి. మళ్లీ తీసే రోజున ఎలుకలు కొరికిన వైర్ల కోసం ఇంజిన్ వెనకవైపు వైర్ల కట్ట పొడవునా చేత్తో తడిమి చూడాలి.