ప్రార్థన కూడిక పుట్టుపూర్వోత్తరాలు

శుక్రవారం ఉపవాస ప్రార్థన, వారం మధ్యలో ఇంటి కూడిక, డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్, జనవరి మొదట్లో ప్రార్థన వారం. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఇవి ఎంతగా కలిసిపోయాయంటే, ఎక్కడినుంచి వచ్చాయని అడగాలని ఎవరికీ తోచదు. కానీ ఒక్కొక్కదాని వెనుకా ఒక ఊరు, ఒక కాలం, ఒక అవసరం ఉన్నాయి. ఆ దారి పట్టుకుని నడిస్తే అసలు ప్రార్థన ఎందుకన్న ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

మొదటి క్రైస్తవులు యూదులు. వేళకు ప్రార్థన చేయడం వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. బబులోను చెరలో ఉన్న దానియేలు యెరూషలేము వైపు కిటికీ తెరిచి రోజుకు మూడుసార్లు మోకరించినట్టు బైబిలు చెబుతుంది. పేతురు, యోహాను మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థన వేళకు దేవాలయానికి వెళ్లారు. యొప్పేలో పేతురు మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కి ప్రార్థించాడు. ఈ అలవాటుకు యేసు ఒక లోతు ఇచ్చాడు. వీధిలో నలుగురికీ కనబడాలని చేసే ప్రార్థన వద్దన్నాడు, గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు. ఇద్దరు ముగ్గురు తన పేర కూడిన చోట తాను ఉంటానని కూడా ఆయనే అన్నాడు. క్రైస్తవుల ఏకాంత ప్రార్థనకూ కూడిక ప్రార్థనకూ ఆధారం ఆయన మాటల్లోనే ఉంది.

శిష్యులు అడిగితే ఆయన నేర్పిన ప్రభువు ప్రార్థనలో విన్నపాల వరస గమనించండి. మొదట తండ్రి నామం, తర్వాత ఆయన రాజ్యం, ఆ తర్వాత ఆయన చిత్తం. అన్నం సంగతి నాలుగోది. తర్వాత క్షమాపణ, శోధననుంచి విడుదల. మన అవసరాలు చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి కూడా. అయితే ముందు మన మనసు ఆయన చిత్తానికి లోబడాలి. క్రైస్తవ ప్రార్థన ఉద్దేశం మొత్తం ఆ వరసలోనే ఉంది.

మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో కూర్చిన ‘డిడకే’ అనే చిన్న పుస్తకం ప్రభువు ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమంది. అప్పట్లో యూదుల్లో నియమస్థులు సోమ, గురువారాలు ఉపవాసం ఉండేవాళ్లు. క్రైస్తవులను బుధ, శుక్రవారాలు ఉండమని ఆ పుస్తకం చెప్పింది. మన శుక్రవారపు ఉపవాసానికి వేరు అంత లోతున ఉంది. సుమారు క్రీ.శ. 112లో, ఇప్పటి టర్కీలోని బితూనియను ఏలుతున్న రోమా అధికారి ప్లినీ, తన చక్రవర్తి ట్రాజనుకు ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా కీర్తిస్తున్నారని అందులో చెప్పాడు. పగలు పనులకు పోవలసినవాళ్లు, పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసినవాళ్లు చీకటితో లేచి కూడేవారన్నమాట.

నాలుగో శతాబ్దంలో హింస ఆగింది, సంఘం పెరిగింది. ఐగుప్తు ఎడారుల్లోకి వెళ్లిన సన్యాసులు కీర్తనలను రాత్రింబవళ్లు వల్లించసాగారు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు రాసిన నియమావళి పగలు ఏడు వేళలు, రాత్రి ఒక వేళ ఏర్పరచి, 150 కీర్తనలూ వారంలో పూర్తి కావాలంది. పొలం పనివాళ్లకు ఇదంతా కుదిరే పని కాదు. చదువురానివాళ్లు 150 కీర్తనలకు బదులు 150 ప్రార్థనలు పూసలమీద లెక్కపెట్టుకునేవారు. కతోలిక కుటుంబాల్లో ఈనాటికీ చేతికి అందే జపమాల ఆ వాడుకనుంచే పెరిగింది.

పదహారో శతాబ్దపు సంస్కరణ ప్రార్థనను మఠం గోడలు దాటించి ఇంటికి తెచ్చింది. 1535లో మార్టిన్ లూథర్ తన మంగలి పీటరు ప్రార్థన ఎలా చేయాలని అడిగితే ఏకంగా ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. పొద్దున లేవగానే మొదటి పని, పడుకోబోయే ముందు చివరి పని ప్రార్థనే కావాలన్నాడు. కత్తి చేతపట్టి కబుర్లలో పడిన మంగలి ఎదుటివాడి ముక్కు కోస్తాడు, ప్రార్థనలోనూ ధ్యాస అలాగే నిలవాలని అతనికి తెలిసిన పనితోనే చెప్పాడు. గొప్ప వేదాంతి ఒక మంగలి కోసం కూర్చుని పుస్తకం రాయడమే ఆ కాలం తెచ్చిన మార్పుకు సాక్ష్యం.

ఇప్పటి ప్రార్థన కూడికకు దగ్గరి పూర్వీకులు జర్మనీలోని హెర్న్‌హూట్ ఊరివాళ్లు. మతహింసకు పారిపోయి వచ్చి, జిన్‌జెండార్ఫ్ జమీందారు భూమిలో తలదాచుకున్న మొరేవియనులు 1727లో 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటకొకరు చొప్పున వంతు వేసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ గొలుసు నూరేళ్లకు పైగా తెగలేదు. అయిదేళ్లకే, 1732లో, ఆ చిన్న ఊరినుంచి ఇద్దరు కరీబియన్ దీవుల్లోని బానిసల దగ్గరికి సువార్తతో బయలుదేరారు. వాచ్‌నైట్ కూడా మొరేవియనులు పాటించినదే. ఇంగ్లండులో దాన్ని వ్యాప్తి చేసినవాడు జాన్ వెస్లీ. కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీలు ఒకప్పుడు సారా అంగడిలో గడిపిన రాత్రులను ప్రార్థనలో గడపసాగారు. ఆ మంచి అలవాటును వెస్లీ అందరికీ అందించాడు.

1784లో ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్ బాప్టిస్టు సంఘాలు ప్రతి నెలా మొదటి సోమవారం సాయంత్రం ఒక గంట సువార్త వ్యాప్తి కోసం ప్రార్థించాలని తీర్మానించాయి. ఆ సంఘాల్లోని చెప్పులు కుట్టే విలియం కేరీ 1793లో బెంగాలు చేరాడు. ఆయన, ఆయన తోటివాళ్లు శ్రీరాంపూరులో అచ్చుకూటం పెట్టారు. విశాఖపట్నంలో డెస్‌గ్రాంజెస్ అనువదించిన తెలుగు సువార్తలు 1812లో అక్కడే అచ్చయ్యాయి. జనవరి ప్రార్థన వారం మాత్రం మన దేశంలోనే పుట్టింది. 1858లో లుధియానా మిషనరీలు ఇచ్చిన పిలుపు మేరకు 1860 జనవరిలో లోకమంతటా పాటించారు.

ఇక ఒంగోలు. అమెరికా బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టినా ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఈ మిషన్ మూసేద్దామా అన్న చర్చ 1853లో అమెరికాలో గట్టిగా నడిచింది. ఆ మరుసటి ఏడాది, 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరునుంచి వచ్చిన ఆ మిషన్ మిషనరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య, తెలుగు విశ్వాసులు జూలియా, రూతు, నరసు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. కింద ఊరు, చుట్టూ పల్లెలు. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ అయిదుగురిలో ముగ్గురు మనవాళ్లని మరిచిపోకూడదు. ఇప్పటికీ ఆ కొండను ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు.

జవాబుకు పన్నెండేళ్లు పట్టింది. మధ్యలో జబ్బుచేసి అమెరికా వెళ్లిన జ్యువెట్, మిషన్ మూసినా తాను తెలుగువాళ్ల దగ్గరికే తిరిగి వెళతానని పట్టుబట్టాడు. 1865లో ఆయనతో వచ్చిన కొత్త మిషనరీ జాన్ క్లౌ మరుసటి ఏడాది ఒంగోలులో కాపురం పెట్టాడు. 1866లోనే తాళ్లకొండపాడు మాదిగ కులస్థుడు ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య ఇంటికి వెళ్లి ఊరుకోలేదు, పల్లె పల్లె తిరిగి తనవాళ్లకు చెప్పాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

1876–78 కరువులో క్లౌ ప్రార్థించి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, కూడు దొరికేలా చేశాడు. సాయానికి ఆశపడి చేరారన్న మాట రాకూడదని ఆ పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. ఊరి బావి దగ్గరికి, గుడి దగ్గరికి రానివ్వని మనుషులకు దేవుణ్ణి తండ్రీ అని పిలిచే హక్కు దక్కడం ఎంత పెద్ద మాటో, ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఈనాటికీ చెబుతారు.

ఈ చరిత్ర అంతటా ఒక సంగతి తప్పక కనబడుతుంది. ప్రార్థించినవాళ్లు లేచి నడిచారు. హెర్న్‌హూట్‌వాళ్లు ఓడెక్కారు, కేరీ బెంగాలు వచ్చాడు, జ్యువెట్ వెనుదిరగలేదు, పేరయ్య పల్లెలు తిరిగాడు. దేవుడికి తెలియనిది తెలియజేయడానికి ప్రార్థన అక్కరలేదు. ఆయన పనికి మనల్ని ఒప్పించడానికి, ఆ పనికి బలం పొందడానికి అది కావాలి. స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విజ్ఞాపన అన్నీ చివరికి అక్కడికే చేరుస్తాయి.

ఈ మధ్య కూడికల్లో మైకుల మోత పెరిగింది, ఉద్యోగం, వీసా, ఇల్లు అంటూ అడిగే చిట్టా పొడుగైంది. అడగడం తప్పు కాదు. ప్రభువు నేర్పిన వరస తలకిందులు చేయడమే తప్పు. వచ్చే శుక్రవారం మీ ఇంటి కూడికలో ఒక రోగి పేరు, ఒక విధవరాలి పేరు, బడి మానేసిన ఒక పిల్లవాడి పేరు చెప్పి ప్రార్థిస్తారు కదా, శనివారం పొద్దున వాళ్లింటికి వెళ్లి రండి.