శాలిహుండం: ధాన్యమా, ఎముకలా?

శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం వైపు వెళ్తే వంశధార ఒడ్డున ఒక కొండ కనిపిస్తుంది. మెట్లెక్కితే ఇటుకల స్తూపాలు, చైత్యాల పునాదులు. అదే శాలిహుండం.

ఈ పేరుకు రెండు కథలు చెబుతారు. మొదటిది శాలివాటిక. శాలి అంటే వరి, కాబట్టి ఇది ధాన్యపు కొట్టు. చుట్టూ వరిచేలు, పక్కనే పాత రేవు ఉన్నాయి కనుక నమ్మబుద్ధేస్తుంది. రెండోది శల్యపేటిక, అంటే ఎముకల పెట్టె. ‘చిక్కి శల్యమైపోయాడు’ అంటామే, ఆ శల్యమే. తవ్వకాల్లో ఇక్కడ ధాతు పేటికలు, అంటే అవశేషాలు దాచే పెట్టెలు, దొరికాయి: రాతి భరిణె, అందులో స్ఫటికపు బుల్లి స్తూపం, బంగారు పూలు. ఇవి చూశాక రెండో కథకే బలం ఎక్కువనిపిస్తుంది.

కానీ ఒక చిక్కుంది. వాటిక గానీ పేటిక గానీ ‘హుండం’గా ఎలా మారిందో రెండు కథలూ చెప్పవు. పేరులో సగానికే సమాధానం దొరికింది. పండితులు సంస్కృతంలోకి తిప్పి రాసుకున్న పేర్లేమో ఇవి అని నా అనుమానం.

1919లో ఈ శిథిలాలను లోకానికి చూపినవారు గిడుగు వెంకట రామమూర్తి. జనం నోటి మాటకోసం పోరాడిన మనిషి! అందుకే శాలిహుండం వైపు వెళ్లినప్పుడు అక్కడి పెద్దలు ఈ పేరును ఎలా పలుకుతారో ఒకసారి చెవిపెట్టి వినండి.