తిరుగుదారి: ఉన్నతవిద్యలో వైర్‌లెస్ సాధనాల చరిత్ర – నందిగామ ప్రాంత పరిశీలన

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయ బోధనలో వైర్‌లెస్ సాధనాల చరిత్రను సాధారణంగా పాఠం ఎంత దూరం చేరిందన్న కొలతతో చెబుతారు. విద్యార్థి జవాబు అధ్యాపకునికి ఏ దారిన తిరిగివచ్చిందన్నది అంతకన్న ముఖ్యమైన కొలత అని నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఆధారంగా చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఉన్నతవిద్య, ఆకాశవాణి, ఉపగ్రహబోధన, మొబైల్ ఫోన్, ఛందోబోధన, నందిగామ.

1. ఉపోద్ఘాతం:
కృష్ణా జిల్లా మెట్టప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేట 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగాలు. 1926లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం, 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. అయినా నందిగామ నుండి మచిలీపట్నం నేటికీ వంద కిలోమీటర్లకు పైబడిన దూరమే. ఇక్కడి డిగ్రీ విద్యార్థికి విశ్వవిద్యాలయం చాలావరకు హాల్‌టికెట్టు మీద కనిపించే పేరు. ఈ దూరాన్ని తగ్గించడానికే వైర్‌లెస్ సాధనాలు విద్యారంగంలోకి వచ్చాయి.

2. ఒకవైపు ప్రసారం:
ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడి, ముద్రిత పాఠాలకు తోడుగా రేడియో, దూరదర్శన్ పాఠాలను ఉపయోగించుకుంది. కళాశాల మెట్లెక్కే అవకాశం లేనివారికి అది గొప్ప మేలు. 1984 ఆగస్టు 15న ఇన్సాట్-1బి ద్వారా యూజీసీ దేశవ్యాప్త తరగతి మొదలైంది. అందులోని పాఠాలు ప్రధానంగా ఆంగ్లంలో ఉండేవి. వేళ తప్పితే పాఠం పోయినట్లే. సందేహం వస్తే అడిగే వీలు లేదు.

3. జవాబుకు దారి:
1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం వేర్వేరు దీవులలోని వాడుకరులను రేడియో తరంగాలతో కేంద్ర కంప్యూటరుకు కలిపింది. ఒకే తరంగమార్గాన్ని పలువురు పంచుకొని కేంద్రానికి సమాచారం పంపడం ఎలా అన్నదే ఆ ‘అలోహా’ వ్యవస్థ పరిష్కరించిన ప్రధాన సమస్య. ఆ ఆలోచన ఈథర్‌నెట్ ద్వారా నేటి వైఫైకి వారసత్వంగా వచ్చింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎడ్యుశాట్ కూడా ఇరువైపుల సంభాషణకు వీలు కల్పించింది. అయితే అందుకు కళాశాలలో ప్రత్యేక టెర్మినల్ ఉండాలి. జవాబు చెప్పే సాధనాన్ని విద్యార్థి చేతికే ఇచ్చింది మొబైల్ ఫోన్.

4. మొబైల్ తరగతి – ఒక అధ్యాపక అనుభవం:
2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు ఆ సాధనాన్ని మనం మళ్లీ రేడియోలాగే వాడాం. నేను ఉత్పలమాల లక్షణాన్ని వీడియో తరగతిలో వివరించి “అర్థమైందా?” అని అడిగితే “అర్థమైంది సార్” అన్న మాటే వినిపించేది. తరువాత గణవిభజన చేసి నోటుపుస్తకం ఫొటో వాట్సాప్‌లో పంపమన్నాను. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందని సూత్రం అప్పజెప్పినవారే పద్యంలో దానిని లఘువుగా గుర్తించారు. పద్యాన్ని చదివి వాయిస్ మెసేజ్ పంపమన్నప్పుడు పదవిభజన దోషాలు, ఒత్తక్షరాల తడబాటు బయటపడ్డాయి. తరగతిగదిలో నోరువిప్పని విద్యార్థినులు కొందరు రెండు మూడుసార్లు సరిదిద్దుకొని మరీ పంపారు.

ఇంటికి ఒకే ఫోను ఉన్నచోట అది పగలు తండ్రితో పత్తిచేనికో మిరపతోటకో వెళ్లేది. జవాబులు చీకటిపడ్డాక వచ్చేవి. వీడియో తరగతి హాజరుపట్టీలో వారు గైర్హాజరు. పద్యపఠనంలో మాత్రం హాజరు. ఎవరు నేర్చుకుంటున్నారో హాజరుపట్టీ చెప్పలేకపోయింది.

5. ముగింపు:
2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను ‘స్వయం’ వేదిక ద్వారా చదవడానికి యూజీసీ అనుమతించింది. అంటే వైర్‌లెస్ బోధన ఇక ఆపద్ధర్మం కాదు, పట్టాలో భాగం. కనుక రెండు అంశాలు ఆలోచించదగినవి. మొదటిది, ఆన్‌లైన్ బోధన ఫలితాన్ని లాగిన్ల సంఖ్యతో కాక విద్యార్థి పంపిన, అధ్యాపకుడు దిద్దిన జవాబులతో లెక్కించాలి. రెండవది, ఆ దిద్దుబాటుకు పట్టే సమయాన్ని అధ్యాపకుని పనిగంటలలో చేర్చాలి. ఒక్కొక్క గొంతును విని దోషం చెప్పడం ఉపన్యాసం కన్న ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ సమయం కేటాయించనినాడు చేతిలోని ఫోను మరో రేడియోగానే మిగులుతుంది.