చేర్యాల నకాషీ పటం

తెలంగాణ పల్లెల్లో కులపురాణాలు చెప్పే కళాకారుల కోసం గుడ్డ మీద చిత్రించే కథల చుట్టను చేర్యాల పటం అంటారు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల ఈ కళకు నిలయం. గీసేవారు నకాషీలు. సుమారు మూడడుగుల వెడల్పున్న పాత పటాల్లో కొన్ని 40 అడుగులు దాటేవి. ఈ కళకు భౌగోళిక గుర్తింపు ఉంది.

తయారీ

ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూస్తారు. ఒక పూత ఆరాక మరొకటి వేస్తారు. నేపథ్యపు రంగు సాధారణంగా ఎరుపే. ఆ ఎరుపు మీదే దేవుళ్లూ, మనుషులూ, చెట్లూ నిలుస్తాయి. దీపపు మసితో నలుపు, గవ్వల పొడితో తెలుపు వచ్చేవి. కుంచెకు ఉడుత వెంట్రుకలు కట్టేవారు. పూల అంచులు ఒక ఘట్టాన్ని మరో ఘట్టం నుంచి వేరు చేస్తాయి. మొదటి గడుల్లో వినాయకుడు ఉంటాడు. ఒంటికీ బట్టకూ రంగులద్దడం పూర్తయ్యాక, చివరగా కళ్లు దిద్దుతారు. అప్పటిదాకా అది గుడ్డ, ఆ తర్వాత దైవం.

కులాలు, కథలు

పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడజెట్టీలు గౌడపురాణం, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. ఏ కుటుంబం ఏ ఊళ్లో చెప్పాలో వంశపారంపర్యంగా వచ్చే మిరాసీ హక్కు నిర్ణయిస్తుంది. కథకుడు పటాన్ని వేలాడదీసి, చుట్ట విప్పుతూ, పుల్లతో ఒక్కో బొమ్మనూ చూపుతూ పాడతాడు. పద్మశాలీల కథలో భావనారుషి తామరతూళ్ల దారంతో దేవతలకు బట్ట నేస్తాడు. వింటున్న నేతగాడికి తన మగ్గం దేవతల దాకా వెళ్లిన పనిముట్టుగా కనిపిస్తుంది. షోలాపూర్, భివండీ, సూరత్ నగరాలకు నేతపని కోసం వలస వెళ్లిన పద్మశాలీలు కూడా మార్కండేయుణ్ణి తమ మూలపురుషుడిగా కొలుస్తారు.

   చేర్యాల పటానికి పల్లె జనమే శ్రోతలు, ఆ కథ వాళ్లదే.

పటానికి వీడ్కోలు

చిరిగి, రంగు వెలిసిన పటాన్ని పారేయరు. కొత్తది గీయించుకున్నాక, పాతదానికి పూజచేసి నదిలో కలుపుతారు. అందుకే చాలా పాత పటాలు అరుదు.

నేటి స్థితి

సినిమా, టీవీ వచ్చాక పల్లెల్లో కథాప్రదర్శనలు తగ్గాయి. జాతీయ పురస్కారం పొందిన ధనాలకోట వైకుంఠం వంటి నకాషీలు చిన్న చట్రాల్లో చిత్రాలు, ముఖాల బొమ్మలు చేస్తూ కళను నిలబెట్టారు. గోడకు తగిలించే చిన్న చిత్రంలో ఒక్క ఘట్టమే ఇముడుతుంది. పురాణమంతా బతకాలంటే నకాషీకి దక్కే ఆదరణ, చుట్ట విప్పి పాడే కూనపులికీ దక్కాలి.